చేను కోనసీమలో... మెసేజీ హైదరాబాద్‌లో

అమ్మ ఫోన్‌కి మెసేజీ వస్తే మా ఇంట్లో అందరికీ తెలుస్తుంది. చెవి సరిగా వినపడదని సౌండు పూర్తిగా పెంచి ఉంచుతుంది. అది మోగగానే కళ్లజోడు వెతుక్కుని, వెలుతురున్న చోటికెళ్లి, ఫోన్‌ని చెయ్యంత దూరంలో పట్టుకుని అంకెలు మాత్రం పైకి చదువుతుంది. ఏడాదికి మూడుసార్లు ఆ అంకె 2,000. పీఎం కిసాన్ సొమ్ము. “మీ నాన్న చేను పంపించిందిరా” అంటుంది. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. చేను రాజోలు దగ్గర మా ఊళ్లో ఉంది. అమ్మేమో హైదరాబాద్‌లో, మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉంటోంది.

2025 జులైలో ఊరి నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. రాష్ట్ర ప్రభుత్వం కొత్తగా ఇవ్వబోతున్న అన్నదాత సుఖీభవ జాబితాలో అమ్మ పేరు ఉందట. కాకపోతే వేలిముద్ర మిగిలిపోయిందట. ఓసారి వచ్చి వేసి వెళ్లమన్నాడు.

బాబాయ్ అంటే రక్తసంబంధం కాదు. మా రెండెకరాలూ ఇరవై రెండేళ్లుగా చేస్తున్న కౌలురైతు. అమ్మని వదినగారూ అంటాడు, నన్ను అబ్బాయ్ అంటాడు. ఆ డబ్బుల కోసం మమ్మల్ని రమ్మని కబురు చేసింది ఆయన. అందులో ఆయనకి ఒక్క రూపాయి రాదు. ఆ సంగతి ఫోన్ పెట్టేశాక గానీ నాకు తట్టలేదు.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరాం. తెల్లారుతుండగా కొవ్వూరు దాటి బ్రిడ్జి ఎక్కేసరికి రైలు చప్పుడు మారింది. ఏసీ బోగీ అద్దాలు తెరుచుకోవు కదా, అమ్మ నా భుజం పట్టుకుని తలుపు దాకా నడిచొచ్చి గోదారిలోకి రూపాయి బిళ్ల విసిరింది. కింద నీళ్లు ఎర్రగా, బరువుగా పారుతున్నాయి. ఎగువన వానలు మొదలయ్యాయన్నమాట.

రాజమండ్రిలో కారు మాట్లాడుకుని ధవళేశ్వరం మీదుగా వెళ్లాం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 కల్లా ఆనకట్ట పూర్తిచేసింది ఇక్కడే. ఇప్పుడు కనిపించేది ఆ పాత ఆనకట్ట కాదు, దాని స్థానంలో వచ్చి 1982లో ఆయన పేరే పెట్టుకున్న బ్యారేజీ. అంతకుముందు ఇదే గోదావరి పక్కన, 1833 ప్రాంతంలో వచ్చిన నందన కరువులో జనం తిండిలేక చచ్చిపోయారంటే ఇప్పటి పచ్చదనం చూసినవాళ్లు నమ్మరు. మా వైపు పల్లెల్లో గుర్రమెక్కిన కాటన్ విగ్రహాలకి కొదవ లేదు. మా తాతగారింట్లో దేవుడి పటాల వరసలోనే ఆయన ఫొటో ఉండేది. ప్రభుత్వం రైతుకి చేసిన సాయాల్లో మా వాళ్లు తరతరాలుగా తల్చుకునేది ఇదొక్కటే. చేను ఎవరి పేరున ఉందో, దున్నేదెవరో ఆ కాలవ నీళ్లు అడగవు. గట్టు తెగ్గొడితే మళ్లోకి వచ్చేస్తాయి.

జొన్నాడ దగ్గర గౌతమి మీద వంతెన దాటితే రావులపాలెం. కోనసీమకి గుమ్మం. రోడ్డు పక్కన అరటిగెలలు, వాటి మధ్య లారీలు, లారీల మధ్య మా కారు. పూతరేకులు కొనమంటూ ఇద్దరు అద్దం మీద తట్టారు. ఆ గోల దాటాక అసలు దారి మొదలవుతుంది. ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరి, కొబ్బరి సందుల్లోంచి చేలు. కొన్నిచోట్ల ఆకుమళ్లు చిలకపచ్చగా లేచి ఉన్నాయి. కొన్నిచోట్ల దమ్ము చేస్తున్న ట్రాక్టర్ వెనకాలే కొంగలు. అమ్మ సీట్లో ముందుకి జరిగి కూర్చుంది. హైదరాబాద్‌లో ఏడాదంతా మాట్లాడే మాటలు ఆ పది కిలోమీటర్లలో మాట్లాడేసింది.

జాబితాలో మీ పేరుందా?

కొత్తపేటలో టీకి ఆగాం. బల్ల మీద నలుగురు పెద్దవాళ్లు. జాబితాలో పేరున్నదెవరికి, లేనిదెవరికి అన్నదే మాట. “మనకి రాదండి, మాస్టారు పని చేశాను కదా, పెన్షనొస్తుంది” అన్నాడొకాయన దిగులుగా. కేంద్రం నిబంధనల్లో అది నిజమే. నెలకి పదివేలు, ఆపైన పెన్షన్ వచ్చేవాళ్లు, పోయినేడాది ఆదాయపు పన్ను కట్టినవాళ్లు, డాక్టర్లు, లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు పీఎం కిసాన్‌కి పనికిరారు. మా చేను నా పేరున ఉంటే నాకూ వచ్చేది కాదు. నాన్న తర్వాత అమ్మ పేరున మారింది గనక వస్తోంది.

ఈ సొమ్ము చరిత్ర చిన్నదే గానీ పేర్లు చాలాసార్లు మారాయి. కేంద్రం 2019 ఫిబ్రవరి 24న పీఎం కిసాన్ మొదలుపెట్టింది. ఏడాదికి 6,000, మూడు విడతలు. ఆ నెల్లోనే రాష్ట్రంలో అన్నదాత సుఖీభవ అన్న పేరు వచ్చింది. ఎన్నికలయ్యాక ప్రభుత్వం మారి, 2019 అక్టోబరు 15 నుంచి వైఎస్సార్ రైతు భరోసా అయింది. కేంద్రమిచ్చే ఆరువేలు కలుపుకుని ఏడాదికి 13,500. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, పాత పేరు తిరిగొచ్చింది. ఈసారి కేంద్రం 6,000, రాష్ట్రం 14,000, వెరసి 20,000 అన్నారు. తెలంగాణలో 2018 మే నెల్లో రైతుబంధు పెట్టినప్పట్నుంచీ ఎకరాకి ఇంత అని లెక్క. మనవైపు కుటుంబానికి ఇంత. అరెకరమున్నా అయిదెకరాలున్నా ఒకటే. చిన్న కమతాల కోనసీమకి ఇది మేలైన పద్ధతేనని నా అభిప్రాయం.

కౌలురైతు సంగతే తేలదు. పీఎం కిసాన్‌లో అతనికి చోటే లేదు. రైతు భరోసాలో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకి పూర్తి సొమ్ము రాష్ట్రమే ఇచ్చింది, ఓసీలకి ఇవ్వలేదు. కొత్త పథకంలో కౌలుదార్లకీ రాష్ట్రమే 20,000 ఇస్తుందని ప్రకటించారు. దానికి కౌలు కార్డు కావాలి. కార్డుకి భూమి యజమాని సంతకం కావాలి.

ఈ సంతకం గొడవ మొదట్నుంచీ లేదు. 2011లో చేసిన చట్టం కింద రుణ అర్హత కార్డులిచ్చినప్పుడు యజమాని సంతకంతో పనిలేదు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. కార్డు 11 నెలలే చెల్లుతుంది, దానివల్ల భూమి మీద ఏ హక్కూ పుట్టదు అని అందులో స్పష్టంగానే ఉంది. అయినా ఒప్పంద పత్రం మీద యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. కోనసీమలో యజమానులు ఎక్కడున్నారు? హైదరాబాద్‌లో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు, గల్ఫ్‌లో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు. ఊళ్లో ఉన్నవాళ్లేమో భయపడుతున్నారు.

టీ డబ్బులిచ్చి బయల్దేరుతుంటే మాస్టారు అన్నారు, “మీరు పొలం చేస్తారాండీ?” అని. లేదండి, కౌలుకిచ్చామన్నాను. “ఆయ్” అని ఊరుకున్నారు. గోదారి జిల్లావాళ్లకి తెలుసు, ఆ ఒక్క ముక్కలో ఎన్ని అర్థాలుంటాయో.

అమలాపురంలో గడియార స్తంభం దగ్గర కారాపించి బ్యాంకుకి వెళ్లాం. అక్కడ నాకో పనుంది. దాచడమెందుకు, చెప్పేస్తాను. ఆ రెండెకరాల పాసుపుస్తకం మీద అమ్మ పేరున పంటరుణం ఉంది. తీసింది నేను. ఆ డబ్బుతో మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాను. మూడు లక్షల లోపు పంటరుణం వేళకి తిరిగి కడితే కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీతో పడేది నూటికి ఏడాదికి నాలుగు రూపాయలే. చదువుల అప్పుకి ఆ వడ్డీ ఎక్కడ దొరుకుతుంది? ఏటా ఓసారి అమ్మని తీసుకొచ్చి సంతకం పెట్టించి తిరగరాయించడం, అంతే. మా కాలనీలో ఊళ్లో పొలమున్నవాళ్లు చాలామంది చేసేదే ఇది.

బాబాయ్ పెట్టుబడి ఎక్కడ తెస్తాడో మాత్రం నాకు తెలుసు. ధాన్యం కొనే కమీషన్ వ్యాపారి దగ్గర, నూటికి నెలకి రెండు రూపాయలకి. అంటే ఏడాదికి ఇరవై నాలుగు. పంట ఆయనకే తోలాలని షరతు. చేను మీద నా అప్పు ఉన్నంతకాలం అదే సర్వే నంబరు చూపించి బాబాయ్‌కి బ్యాంకు అప్పివ్వదు. కార్డు చేతిలో ఉన్నా ఇవ్వదు. కౌంటర్ ముందు అమ్మ వణుకుతున్న చేత్తో సంతకం పెడుతుంటే నేను గోడ మీదున్న వడ్డీరేట్ల పట్టిక చదువుతూ నిలబడ్డాను.

అక్విడక్టు మీద

అమలాపురం నుంచి అంబాజీపేట మీదుగా పి.గన్నవరం వస్తే వైనతేయ ఎదురవుతుంది. ఇక్కడో వింత ఉంది. నది మీద నుంచి కాలవ పారుతుంది. ఏటికి అవతలున్న రాజోలు ప్రాంతానికి నీళ్లు పంపడానికి 1850ల్లోనే 49 ఖానాలతో అక్విడక్టు కట్టారు. అది పాతబడ్డాక పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. సీతమ్మ గారు (1841-1909) ఈ పక్కనే లంకల గన్నవరంలో ఉండేవారు. ఏరు దాటడానికి వచ్చి ఆగిపోయిన బాటసారులకి వేళాపాళా లేకుండా వండి పెట్టారు. మా వైపు అన్నదాత అనగానే పెద్దవాళ్లకి గుర్తొచ్చేది రైతు కాదు, ఆవిడ. అమ్మ కారు దిగి కాలవ నీళ్లు నెత్తిన చల్లుకుంది.

అక్కడో లంక రైతు కలిశాడు. బూరుగులంక, ఊడుమూడిలంక లాంటి ఊళ్లకి వరదొస్తే పడవే దిక్కు. ఆయన చేను కొన్నేళ్ల కిందట కోతపడి నదిలో కలిసిపోయిందట. “పుస్తకంలో ఉందండి. కిసాన్ డబ్బులు పడతన్నాయి. చేనే లేదు” అని నవ్వాడు. ఏరు ఇటు కోసిన మట్టిని అటు మేట వేస్తుంది కదా, ఆ మేట మీద ఇంకెవరో కూరగాయలు పండిస్తున్నారు. వాళ్ల దగ్గర పుస్తకం లేదు.

మా ఊళ్లో రైతు సేవా కేంద్రం బడి పక్కనే ఉంది. 2020లో రైతు భరోసా కేంద్రమన్నారు, 2024 నుంచి ఈ పేరు. వ్యవసాయ సహాయకురాలు మా అమ్మాయి ఈడుది. ఓపిక ఎక్కువ. అమ్మ బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు పెట్టింది, పడలేదు. చేతులు కడిగొచ్చాం. గుడ్డతో తుడిచాం. “నిమ్మచెక్క రుద్దండి వదినగారూ” అని బాబాయ్ ఎవరింట్లోంచో నిమ్మకాయ పట్టుకొచ్చాడు. ఏడోసారి ఉంగరపు వేలికి పచ్చలైటు వెలిగింది. అక్కడున్న పదిమందీ పెళ్లిలో తలంబ్రాలు పోసినంత సంబరపడ్డారు.

“నీ వేలు పడుతుందా బాబాయ్?” అన్నాను.

“నాకెప్పుడూ పడదబ్బాయ్. నాట్ల కట్టలు లాగీ లాగీ గీతలు పోయినియ్యి. యూరియాకి కూడా వేలిముద్రెయ్యాలి కదా, మీ పిన్నిని తీసుకెళ్తాను.”

యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. కంపెనీకి పడే ఖర్చులో చాలావరకు కేంద్రమే భరిస్తుంది. బాబాయ్‌కి నేరుగా అందే రాయితీ నాకు తెలిసి ఇదొక్కటే. కొట్టువాడు ఆధార్ అడుగుతాడు గానీ పాసుపుస్తకం అడగడు. ఆ తర్వాత నెలలోనే దానికీ బారులు తీరారన్నది వేరే కథ.

పిల్ల నా చేతికో కాగితం ఇచ్చింది. కౌలు ఒప్పంద పత్రం. “బామ్మగారు ఇక్కడ సంతకం పెడితే తాతగారికి కార్డు వచ్చేస్తుందండి” అంది. అమ్మ కాగితం వైపు చూసింది, బాబాయ్ వైపు చూసింది, “ఎండగా ఉంది, ఇంటికి పోదాం పద” అంది. బాబాయ్ గుమ్మం బయట చెప్పులు వేసుకుంటున్నాడు, విననట్టే.

బస్తాల లెక్క

రాత్రి అరుగు మీద కూర్చుని బాబాయ్ లెక్క చెప్పాడు. మా దగ్గర బస్తా అంటే 75 కిలోలు. 2025-26కి సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,369. అంటే బస్తా 1,777 రూపాయలు. సార్వాకి ఎకరాకి 24 బస్తాలవుతాయనుకుందాం. అందులో కౌలు 9 బస్తాలు మాకు. దమ్ము, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను, అంతా కలిపి 28 వేలు. మిగిలిన 15 బస్తాలమ్మితే ఇరవై ఆరున్నర వేలొస్తాయి. అంటే ఎకరాకి వెయ్యి పైచిలుకు చేతినుంచి పడుతుంది.

“మరెందుకు వేస్తావు?”

“దాళ్వా కోసం. సార్వా వెయ్యనంటే చేనివ్వరు కదబ్బాయ్.” ఇవ్వనిది మేమే. ఆయన అలా అనలేదు.

దాళ్వాకి 42 బస్తాలు. కౌలు 14. ఖర్చు 33 వేలు. ఎకరాకి పదహారున్నర వేల పైన మిగులుతుంది. సార్వా లోటు తీసేస్తే రెండెకరాల మీద, రెండు పంటల మీద, మొగుడూ పెళ్లాల కష్టానికి ఏడాదికి దాదాపు 31 వేలు. అదీ మద్దతు ధర పూర్తిగా పడితే, వాన పడకపోతే. వ్యాపారి వడ్డీ ఈ లెక్కలో లేదు. మాకొచ్చేది 46 బస్తాలు, అంటే ఎనభై ఒక్క వేల పైమాట. దాని మీద ఇప్పుడు ఇరవై వేలు.

ఆ ఇరవై వేలు ఆయన ముప్పై ఒక్క వేల పక్కన పెట్టి చూడండి.

అమెరికాలో, ఐరోపాలో కూడా వ్యవసాయ ఆర్థికవేత్తలు ఎన్నో ఏళ్లుగా తర్కించుకుంటున్న విషయమే ఇది. భూమికి కట్టిన సాయంలో సాగుదారు చేతిలో ఎంత నిలుస్తుంది, కౌలు రూపంలో యజమానికి ఎంత చేరుతుంది అని. మన పక్కన ఒడిశా 2018 చివర్లో ప్రకటించిన కాలియా పథకంలో కౌలుకు చేసేవాళ్లనీ భూమిలేని కూలీలనీ కలిపింది. అంటే చెయ్యాలనుకుంటే దారి లేకపోలేదు.

“రైతు భరోసా అప్పుడు కులం అడ్డం. ఇప్పుడు సంతకం అడ్డం” అన్నాడు బాబాయ్. కోపంగా కాదు, వాన రాలేదన్నట్టు. తర్వాత తనే మాట మార్చాడు. “డబ్బులు సరే అబ్బాయ్, ముందు మురుగుకాలవ సంగతి చూడమను.”

మర్నాడు పొద్దున బండెక్కించుకుని సముద్రం వైపు తీసుకెళ్లాడు. మలికిపురం మండలంలో శంకరగుప్తం డ్రెయిన్ పక్కన కొబ్బరి తోటలు. పోటు సమయంలో ఉప్పునీరు డ్రెయిన్‌లోకి ఎదురెక్కి చెట్ల మొదళ్లలో నిలిచిపోతుంది. మట్టలన్నీ రాలిపోయి తలల్లేని చెట్లు, కరెంటు స్తంభాలు పాతినట్టు వరసగా నిలబడి ఉన్నాయి. నా చిన్నప్పుడు ఈ తోటల్లో మధ్యాహ్నం కూడా ఎండ నేలకి దిగేది కాదు.

2011 గుర్తుందా మీకు? ఆ సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. నీళ్లున్నాయి, భూమి ఉంది, వెయ్యమన్నారు. వేల ఎకరాలు బీడు పెట్టేశారు. దేశమంతా ఆశ్చర్యపోయి చూసింది. కారణాలు తేల్చమని ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. అప్పటి మద్దతు ధర క్వింటాలు 1,080, బస్తా 810 రూపాయలు. రైతులడిగినవి గిట్టుబాటు ధర, వేళకి కాలవ నీళ్లు, పూడిక తీసిన మురుగుకాలవలు. ఖాతాలో ఏటా ఇంత వెయ్యమని ఎవరూ అడగలేదు. 2022లో కూడా కొన్ని మండలాల్లో మళ్లీ అదే మాట లేచింది. “ఆ ఏడు నువ్వూ వెయ్యలేదా బాబాయ్?” అంటే, “పట్టాలున్నోళ్లు ఆపేద్దామన్నారు. మేం ఊఁ అన్నాం. నేను రావులపాలెం వెళ్లి గెలలు మోశాను” అన్నాడు.

బయల్దేరే ముందు అమ్మనడిగాను, కాగితం సంగతి. “వాణ్ణి నమ్మక కాదురా. వాడి కొడుకుల్ని నేనెరగను” అంది. మా పెద్దమ్మ వాళ్ల చేను కౌలుదారీ చట్టం కింద కోర్టుకెక్కి ముప్పయ్యేళ్లు నలిగింది. అమ్మ చిన్నతనమంతా ఆ వాయిదాల కబుర్లే. 11 నెలల కార్డు వేరు, 1956 నాటి చట్టం వేరు అని చెప్పొచ్చు. నేను గట్టిగా చెప్పలేదు. బ్యాంకు కాగితాలు నా సంచీలో ఉన్నాయి. నాకు అమ్మ భయం అక్కరకొచ్చింది.

ఆగస్టు 2న ఫోన్ రెండుసార్లు మోగింది. 5,000 ఒకటి, 2,000 ఒకటి. అమ్మ ఆ ఏడువేలూ బాబాయ్‌కి పంపమంది. పంపుతానని ఫోన్ చేస్తే ఆయన వద్దన్నాడు. “వదినగారిస్తే పండక్కి బట్టలకి తీసుకుంటాను. ఇది అది కాదు కదబ్బాయ్.”

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా ఊరికి ఎంతో దూరం కాదు. అమ్మ రాత్రంతా టీవీ ముందే. 1996 నవంబరు 6 తుఫానప్పుడు ఆవిడ ఊళ్లోనే ఉంది. కొబ్బరిచెట్లు ఒకదాని మీదొకటి పడుతున్న చప్పుడు ఇప్పటికీ చెబుతుంది. పొద్దున ఫోన్ కలిసింది. “తొంభయ్యారంత కాదు వదినగారూ. ఇల్లు బానే ఉంది. చేను పడుకుంది” అన్నాడు బాబాయ్. గింజ గట్టిపడుతున్న చేను. వారమైనా నీళ్లు దిగలేదు. మురుగుకాలవ అలాగే ఉంది మరి. నష్టం రాసుకోడానికి వచ్చినవాళ్ల చేతిలో ఈ-పంట జాబితా ఉంది. అందులో మా చేను అమ్మ పేరునే ఉంది. బాబాయ్ వాళ్లకి చేను చూపించాడు, హద్దులు చెప్పాడు, అమ్మ ఆధార్ నంబర్ ఫోన్ చేసి కనుక్కుని చెప్పాడు.

నవంబరు 19 మధ్యాహ్నం భోజనాల దగ్గరున్నాం. ఫోన్ మోగింది. కాసేపటికి మళ్లీ మోగింది. రెండో విడత. అమ్మ కళ్లజోడు పెట్టుకుని అంకెలు చదివింది గానీ నాన్న చేను మాట ఎత్తలేదు. బాబాయ్‌కి ఫోన్ కలపమంది. పడిన చేను కోయించి, తడి పనలు గట్టు మీదికి మోస్తున్నాడట. కొన్ని కంకులు మొలకొచ్చేశాయట. స్పీకర్లో వెనకాల పిన్ని ఎవర్నో కేకలేస్తోంది. పెట్టేశాక అమ్మ చాలాసేపు అన్నం కెలుకుతూ కూర్చుంది.

“ఆ లోను ఎంతుందిరా?” అంది.

చెప్పాను.

“కట్టెయ్యి. నా గాజులున్నాయి కదా. ఆ కార్డులు మళ్లీ ఎప్పుడు రాస్తారట?”

“జూన్‌లో. సార్వాకి ముందు.”

“గౌతమికే తియ్యి టిక్కెట్లు. పొద్దున్నే దిగుతాం.”

రెండు నెలల ముందు గానీ ఇవ్వరన్నాను. లేచి చెయ్యి కడుక్కుని గోడ దగ్గరికెళ్లింది. కొత్త ఏడాది క్యాలెండర్ ఇంకా ఇంటికి రాలేదు. పాతది మేకు మీంచి తీసి, తిరగేసి, వెనక అట్ట మీద బాల్‌పెన్నుతో పెద్ద అక్షరాలతో రాసుకుంది: జూన్, రాజోలు, సంతకం.